వెయ్యని తలుపు

ఒక కోట ఉండేది. కోటలో బావి, బావినిండా నీళ్లు. కోట బయట ఊరు, ఊరినిండా దాహం. ఇంతేనమ్మా కథ. మిగతాదంతా ఆ రెంటికీ మధ్యనున్న తలుపు.

ఆ తలుపు కొండంత. వెయ్యాలంటే ఊరు ఊరంతా భుజం ఆనించాల్సిందే. రోజూ పొద్దుగూకే వేళ నగారా మోగేది. జనం వచ్చి బయటినుంచి నెట్టి తలుపు వేసేవాళ్లు. రాజు లోపల గడియ పెట్టించి, గోడమీదనుంచి మనిషికో చెంబెడు నీళ్లు దింపించేవాడు. "చల్లని తండ్రి!" అని దణ్ణం పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. నవ్వకండి బాబూ, మనం పెట్టలేదూ అలాంటి దణ్ణాలు?

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చెంబు ముంతయింది, ముంత దోసిలయింది. ఊళ్లో ఒక బాలింతకి పాలు ఎండిపోతున్నాయి.

కమ్మరి సమ్మెట ఎత్తాడు. "తలుపు బద్దలు కొడదాం!"

పంతులు అడ్డం పడ్డాడు. "ఆగవయ్యా, భటులు ఈటెలతో ఉన్నారు. ఇంకొక్కసారి వేడుకుందాం."

ఇద్దరూ కేకలేసుకుంటుంటే బాలింత అత్తగారు విసుక్కుంది. "ఒరే, ఆ తలుపు రోజూ వేస్తున్నదెవర్రా?"

ఇద్దరూ భుజాలు తడుముకున్నారు.

"ఈపూట వెయ్యకండి మరి."

"ఆ దోసెడూ రాదు పెద్దమ్మా," అన్నాడు కమ్మరి. "పసిగుడ్డు తట్టుకుంటుందా?"

బాలింత బిడ్డని గుండెకి హత్తుకుంది. "దోసెడుతో మాత్రం ఎన్నాళ్లు తట్టుకుంటుందన్నా?"

నగారా మోగింది. జనం కుండలతో వచ్చి తలుపు ముందు కూర్చున్నారు. మళ్లీ మోగింది. ఎవరో భజన ఎత్తుకున్నారు. రామనామానికి గొంతు తడి అక్కర్లేదు కదా!

రాజు బురుజెక్కి అరిచాడు. "నెట్టండి!"

"ఓపిక లేదు ప్రభూ," అంది అత్తగారు. "దాహం."

"అయితే మీరు నెట్టండ్రా!" అని భటుల మీద విరుచుకుపడ్డాడు.

భటులు బయటికొచ్చారు. చేతిలో ఈటె ఉంటే తలుపు నెట్టేదెలా? ఈటెలు గోడకి ఆనించి, రెండు చేతులూ తలుపుకి ఆన్చారు.

చూశారా స్వామి చమత్కారం!

జనం లేచారు. ఆ ఈటెల్ని ఒక్కరూ ముట్టుకోలేదు. కుండలు చంకనెత్తుకుని, వాటి పక్కనుంచే లోపలికి నడిచారు. భటులు రొప్పుతున్నారు, తలుపు వెంట్రుకవాసి కదల్లేదు.

"ఒరే పెద్దోడా, నడుం పట్టేస్తుంది, వదిలెయ్యరా," అంది ఒక తల్లి, భటుడైన తన కొడుకుతో.

వాడు వదిలేశాడు. పక్కవాడూ వదిలేశాడు.

మొదటి చేద బాలింత తాగింది. ఊరంతా ఊపిరి పీల్చుకుంది.

రాజు దిగి వచ్చేసరికి బావి చుట్టూ వరస. ఎక్కడ నిలబడాలో తోచక దిక్కులు చూశాడు.

"వరస వెనక్కి రా నాయనా," అంది అత్తగారు. "తొందరగానే కదుల్తోంది."

ఆయన వంతు వచ్చింది. "తోడండి!" అన్నాడు అలవాటుగా. ఎవరి కుండ వాళ్లు ఎత్తుకుంటున్నారు, ఎవరికీ వినపడలేదు. తనే తాడు పట్టి లాగాడు. చేద సగంలో ఆగింది. అరచేతులు భగ్గుమన్నాయి. వదిలితే తాడు జారిపోయేలా ఉంది.

"కాస్త... సాయం పట్టండి," అన్నాడు, కొత్త మాట నేర్చుకుంటున్నవాడిలా.

ఎన్ని చేతులొచ్చి పడ్డాయో ఆ తాడు మీద! చేద పైకొస్తుంటే, వాటిలో తన చేతులేవో రాజుకి తెలియలేదు.