నీళ్ళకి పంపిన పిల్ల

ఏమే హైమా, అలా గోడవైపు తిరిగి పడుకున్నావేం? శేషూ, దాని దుప్పటి లాగకు. బళ్ళో ఏం జరిగిందో నేనడగను, చెప్పాలనిపించినప్పుడు చెబుదువుగాని. ఇప్పుడు మాత్రం ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే కథ నడవదు, నాలాగే నడుం పట్టేసి ఉన్నచోటే కూలబడుతుంది.

అనగనగా ఒక ఊళ్ళో పుటాల వీధని ఒక వీధి ఉండేది. రాజుగారి నగలకి కావలసిన బంగారమంతా అక్కడే శుద్ధి అయ్యేది. రాజుగారు మన కథలోకి రారులే, ఆయనకి ఆ నగలు పెట్టుకుని తీసేసరికే పొద్దుగూకుతుంది.

పుటం పెట్టడమంటే తెలుసా? రాగీ వెండీ కలిసిపోయిన బంగారాన్ని నిప్పులో పెట్టి, కల్తీ అంతా పోగొట్టడం. ఆ పొగ ఒంటికి మంచిది కాదు. అందుకని ఆ పని చేసే మౌనాచారి కొలిమి ఇళ్ళకి దూరంగా, వీధి చివర ఒంటిపాకలో ఉండేది. మౌనాచారికి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కొడుకులు వీధి మధ్య మిద్దింట్లో ఉండేవాళ్ళు. కూతురు వరాలు పాకలో తండ్రి దగ్గర. మరి తిత్తి ఊదడానికి ఒక మనిషి కావాలి కదా! తోలుతిత్తి. నొక్కితే ఊ అంటుంది, వదిలితే ఉస్సంటుంది.

వరాలుకి చదువు రాలేదు. చెప్పించలేదనుకునేరు, చెప్పించారు. అన్నలతోపాటు అరుగుబడికి తనూ వెళ్ళింది. పంతులు ఇసకలో అక్షరం రాస్తే అందరికీ అక్షరంలా కనపడేది, దీనికి చీమలబారులా కనపడేది. చూస్తుండగానే నడిచిపోయేవి. ఇప్పుడు మ అనుకున్నది తల తిప్పేసరికి య అయి కూర్చునేది. పంతులు బెత్తం తీశాడు. బెత్తంతో కొడితే చీమలు ఆగుతాయా? ఊ కొడుతున్నారా?

శేషు ఒక్కడే కొడుతున్నాడు. సరే, ఒక్క ఊ మీదే నడిపిస్తాను.

మొద్దని ఊరంతా పేరు పెట్టాక తండ్రి బడి మాన్పించి తిత్తి ముందు కూర్చోబెట్టాడు. అక్కడ కూర్చుని వరాలు పని చూసింది, బంగారప్పొడిని రజనంటారని, లోహాన్ని తినేసే ఘాటునీళ్ళని ద్రావకమంటారని తెలుసుకుంది, వాసన పట్టింది, నిప్పు చప్పుడు విన్నది. మర్చిపోకుండా గొలుసులా కట్టుకుంది:

ఊడిస్తే దుమ్ము, దుమ్ము కడిగితే రజను,
రజనుకి సీసం కలిపితే ముద్ద,
ముద్దకి పుటం పెడితే పూస,
పూసని ద్రావకంలో వేస్తే...

వేస్తే ఏమవుతుంది? నీకేం తెలుసురా శేషూ, దానికే తెలీదు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి తండ్రి "నీళ్ళు తేవే వరాలూ!" అనేవాడు. బావి వీధికి ఆ చివర. పైగా సగం బిందె పెద్దవదిన పెరటి తొట్టిలో పోసి రమ్మనేవాడు, ఎందుకో. అది తిరిగొచ్చేసరికి గిన్నె ఖాళీ, తండ్రి చేతులు తుడుచుకుంటూ ఉండేవాడు. అందుకని దాని గొలుసు చివర అలాగే ఉండిపోయింది. పూసని ద్రావకంలో వేస్తే, నీళ్ళు తేవే వరాలూ.

ఎందుకు పంపేవాడంటే, ఆడపిల్ల కదా, రేపు పరాయింటికి పోతుంది, పనిగుట్టు మూటగట్టుకు పోతుందని. పోనీ పెళ్ళి చేశాడా? చెయ్యలా. చేస్తే తిత్తి ఎవరూదుతారు? పోతుందని గుట్టు చెప్పలేదు, చెయ్యి కావాలని పంపలేదు. నిద్రపట్టని రోజున ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇలా ఉండగా మౌనాచారి పోయాడు. కొడుకులు పంపకాలకి కూర్చున్నారు. త్రాసు పెద్దన్నకి, గీటురాయి చిన్నన్నకి. చెల్లెలికి పాక, తిత్తి, కొలిమి చుట్టూ ఊడ్చిన దుమ్ము. ఆ దుమ్ముమూటలోనే తండ్రి మాసిన పంచెలూ, దాని పనిచీరలూ ఉన్నాయి. ఆ వీధిలో పనిబట్టలు పారెయ్యరమ్మా, కాల్చి ఆ బూడిద కూడా కడుగుతారు, పోగుల్లో రజను ఉంటుందని. నాన్న రాసుకున్న తాటాకులు కూడా నువ్వే ఉంచుకో, తీరిగ్గా చదువుకో అన్నాడు చిన్నన్న. పెద్దన్న పగలబడి నవ్వాడు.

ఆ వీధికి ఒక కట్టుబాటు ఉంది. కొలిమి మనిషి పోతే, వచ్చే అమావాస్య లోపల అందులోంచి ఎవరు సొంతంగా మేలిమి బంగారం తీసి వీధిపెద్దకి చూపిస్తారో కొలిమి వాళ్ళది. ఎవరూ తియ్యకపోతే పూడ్చేస్తారు. పూడ్చేస్తే వరాలు పెద్దన్న వంటింట్లోకి పోవాలి. వంట చెయ్యడానికి కాదు దాని భయం. ఇంకొకరింట్లో ఒక మూల సర్దుకుని, ఇక ఎప్పటికీ ఏదీ తనది కాకుండా బతకడానికి.

పనికి దిగింది. మాట్లాడదామంటే మనిషి లేడు. తిత్తికే చెప్పుకునేది. ఊడిస్తే దుమ్మే అనేది, తిత్తి ఊ అనేది. కడిగితే రజనే అనేది, తిత్తి ఊ అనేది. దారినపోయే వాళ్ళు విన్నారు. లోపల ఉన్నది ఒక్కతి, మాటలు ఇద్దరివి. ఇంకేముంది, వరాలు దెయ్యాన్ని పెంచుతోందన్నారు. పాలమ్మాయి చెంబు మలుపులోనే పెట్టి పారిపోయేది. పిల్లలు అటు ఆడటం మానేశారు. తన పేరు ఎవరైనా పిలిచి ఎన్నాళ్ళయిందో వరాలుకే గుర్తులేదు. ఒకనాడు మధ్యాహ్నం, గొంతు ఉందో పోయిందో చూసుకోవడానికన్నట్టు, "వరాలూ" అని తనే పిలుచుకుంది. తిత్తి ఖాళీగా ఉంది, ఊ అనలేదు.

ఊ కొడుతున్నారా? హైమా, ఒక కన్ను తెరిచే ఉంది, నేను చూశాన్లే.

మొదటి పుటంలో ముద్దమీద రంగులు తిరిగాయి, నీళ్ళమీద నూనె తిరిగినట్టు. అబ్బ ఎంత బాగుందో, అయిపోయిందనుకుని తీసేసింది. సుత్తి తగిలితే పెళుసుగా పగిలింది. సీసం పోలేదన్నమాట. ఆ రంగులు ఆగాలి, ఆగి ముద్ద ఒక్కసారి కన్ను తెరిచినట్టు తళుక్కుమనాలి. రెండోసారి ఓపిక పట్టింది. తళుక్కుమంది. తెల్లటి పూస! వెండీ బంగారమూ రెండూ కలిసి ఉన్న పూస. దాన్ని ద్రావకంలో వేసింది. బుసబుసమంది, ఎర్రపొగ లేచింది. వెంటనే ఏం చేసిందో తెలుసా? లేచి బిందె అందుకుంది! పిలిచేవాడు పోయాడు, కాళ్ళు మాత్రం నీళ్ళకి బయల్దేరాయి. గుమ్మం దాకా వెళ్ళి, బిందె దించి, వెనక్కొచ్చి, బుస ఆగేదాకా ఉండి చూసింది.

పూస లేదు. పైన నీళ్ళు, అడుగున గోధుమరంగు బురద. మెరిసేది ఒక్క నలుసు లేదు. వాళ్ళన్నట్టు నేను మొద్దునే, ఆ తాటాకుల్లో ఏముందో చదవగలిగితే ఇలా అయ్యేది కాదు అని తిట్టుకుంది. ద్రావకం జాడీలోకి వంచి, ఆ బురద తీసుకెళ్ళి బూడిదకుప్పమీద పారేసింది. గడపలో కూర్చుని ఏడ్చింది. దూరంగా వెళ్ళేవాళ్ళు, ఇవాళ దెయ్యం ఏడుస్తోందన్నారు.

మర్నాడు పనులు తెముల్చుకుని పెద్దవదిన కామాక్షి వచ్చింది. ఒకే వీధిలో ఉండీ ఆ ఇద్దరూ నీళ్ళు పోసినప్పుడు తప్ప ఎదురుపడింది లేదు.

"ఏది, మీ దెయ్యం ఏది?" అంది.

"నీకు భయం వెయ్యలేదా వదినా?"

"భయమెందుకు? నువ్వేం చెప్పినా ఊ కొడుతుందటగా. మా ఇంట్లో ఇంతమంది ఉన్నారు, నా మాటకి ఊ అన్నవాడు లేడు. కాసేపు అరువిస్తావేమో అడుగుదామని వచ్చాను."

వరాలుకి నవ్వొచ్చింది. నవ్వితే ఏడుపు కూడా వచ్చింది. తాటాకులు తెచ్చి వదిన ఒళ్ళో పెట్టి, పూస ద్రావకంలో వేశాక ఏం రాశాడో చదవమంది. కామాక్షి కూడబలుక్కుని చదివింది. "తరువాత బంగారమును గ్రహించవలెను."

"తర్వాత?"

"అంతే."

"అంతేనా? ఎలా గ్రహించాలో రాయలేదా?"

"లేదమ్మా. తెలిసినవాడి కోసం తెలిసినవాడు రాసుకున్నాడు."

చూశారా, అది చదవగలిగినా దక్కేది కాదు! ఇన్నాళ్ళూ వట్టినే ఆ చీమల్ని తిట్టుకుంది.

సరే, గిన్నెలో ఏం మిగిలిందని వదిన అడిగింది. ఏమీ లేదు, చింతపండు పులుసు అడుక్కి దిగిన మడ్డిలాంటి బురద, పారేశానంది వరాలు. కామాక్షి తాటాకులు పక్కన పడేసి లేచింది.

"ఆ బురద నేను కడిగేదాన్ని వరాలూ! ఆనక మావగారు వేరే గిన్నెలో, పైన గుడ్డ కప్పి తెచ్చేవారు. ఒక్క నలుసు పోకుండా కడుగమ్మా, ఏదో మందులే అనేవారు. కాళ్ళ దగ్గరే నిలబడేవారు. కడిగాక పట్టుకుపోయేవారు."

"దేంతో కడిగేదానివి?"

"నువ్వు పోసి వెళ్ళిన నీళ్ళతో."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. వెండి ద్రావకంలో కరిగిపోగా అడుగున మిగిలిన ఆ బురదే బంగారం! కూతురు రేపు పరాయింటికి పోతుందని దాని కంట పడనివ్వలేదు. కోడలు నిన్న పరాయింటినుంచి వచ్చిందని చేతికిచ్చీ పేరు చెప్పలేదు. ఒకతి నీళ్ళు మోసింది, ఒకతి బంగారం కడిగింది. ఏం చేస్తున్నారో ఇద్దరికీ తెలీదు!

పరుగున పోయి బూడిదకుప్పమీద పడ్డారు. బురద పడ్డచోట బూడిదంతా ఎత్తారు. వదిన చేత్తో తేలిగ్గా కడుగుతుంటే బూడిద తేలిపోయింది, బరువైన బురద అడుగున నిలిచింది. ఎండబెట్టి, వెలిగారం వేసి, కరిగించే మట్టిమూసలో పెట్టారు. వరాలు నిప్పు చూసింది, వదిన తిత్తి ఊదింది. బురద ముడుచుకుంది, ఎర్రబడింది, కన్ను తెరిచింది. జొన్నగింజంత. పసుప్పచ్చగా.

అమావాస్యనాడు వీధిపెద్ద వచ్చాడు, అన్నలూ వచ్చారు. చిన్నన్న గొణుక్కుంటూనే గీటురాయి తీశాడు. గీత చూసి గొణగడం మానేశాడు. పెద్దన్న మాత్రం, కడిగింది నా పెళ్ళాం కాబట్టి బంగారం నాదన్నాడు. అప్పుడు కామాక్షి, అలాగైతే ఇన్నేళ్ళూ మీ నాన్నకి కడిగిపెట్టిందంతా కూడా నాదే కదండీ, పదండి లెక్క చూసుకుందాం అంది. పెద్దన్న పంచె సర్దుకున్నాడు. నిప్పు వరాలుది, కొలిమి వరాలుదే అని వీధిపెద్ద చెప్పి వెళ్ళిపోయాడు.

తర్వాత అందరూ సుఖంగానే ఉన్నారు. అంటే, పాక పాకే, పొగ పొగే. పొద్దుగూకితే వదిన వాళ్ళింటికి వెళ్ళిపోయేది, వరాలు ఒక్కతే మిగిలేది. కాని రోజూ మధ్యాహ్నం వదిన వచ్చేది. ఒకరు చెబితే ఒకరు ఊ అనేవారు. పోనుపోను వీధిలో ఆడపిల్లలు కూడా వచ్చి కూర్చునేవారు. గిన్నెలో ద్రావకం బుసకొట్టగానే ఎవరైనా అలవాటుగా బిందె అందుకుంటే, వరాలు కొంగు పట్టుకుని ఆపేది. ఎక్కడికే? ఇప్పుడే ఉండాలి. నీళ్ళు తర్వాత తెచ్చుకుందాం, కూర్చో అనేది.

ఇంకేముంది హైమా, నీకేదైనా రాకపోతే ముందుగానే మొద్దునని పేరు పెట్టుకోకు. అది చెప్పే వేళకి నిన్నెక్కడికి పంపారో కూడా చూసుకో. గొలుసు మొత్తం అప్పజెప్పనా? ఊడిస్తే దుమ్ము, కడిగితే రజను, సీసం కలిపితే ముద్ద, పుటం పెడితే పూస, పూసని ద్రావకంలో వేస్తే...

ఏమన్నావ్? గట్టిగా అను, నాకు వినపడలా.

ఆఁ, బురద. బురద కడిగితే?

ఊ. అదీ. కథ బూడిదకుప్ప కిందికి, మనం దుప్పటి కిందికి. ఇటు జరిగి పడుకో.