దివాన్ గారి రెండో చుట్టు

వెనకటికి గుమ్మలూరు సంస్థానంలో రాజావారికి తాతగారి నాటి కారు ఒకటి ఉండేది. ఎండాకాలం అందులో కూర్చుంటే ఒళ్లు ఉడికిపోయేది. దానికి ఏసీ పెట్టమని మెకానిక్ దస్తగిరికి పురమాయించారు. ముసలి ఇంజను ఆ భారం మోయలేదని, దస్తగిరి సీటు కింద విడిగా బ్యాటరీ అమర్చి, కరెంటుతో నడిచే ఏసీ బిగించాడు.

దస్తగిరి షెడ్డు స్థలం మీద దివాన్ నరహరిరావుకి ఎప్పటినుంచో కన్ను. ఏసీ పనిచేయకపోతే షెడ్డు ఖాళీ చేయించేలా రాజావారిని ఒప్పించి, పరీక్షించే పని కూడా తనే తీసుకున్నాడు. మిట్టమధ్యాహ్నం అద్దాలు మూసుకుని కోట చుట్టూ హాయిగా తిరిగొచ్చి, "చల్లదనం లేదు, పాడూ లేదు. అది ఉన్నా లేకపోయినా ఒకటే" అన్నాడు.

దస్తగిరి చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"తమరి మాట కాదనను దొరా. ఇప్పుడు ఏసీ ఆపేస్తాను. అద్దాలు అలాగే మూసుకుని ఇంకొక్క చుట్టు తిరిగి రండి. రెండూ ఒకటేనంటే ఈ పూటే షెడ్డు ఖాళీ చేస్తాను."

రాజావారు సరేనన్నారు. దివాన్ కాదనలేక ఎక్కాడు. కోట మలుపు తిరగకముందే కారు ఆగింది. చెమటతో తడిసి ముద్దయిన దివాన్ తలుపు తోసుకుని బయటపడి, రాజావారూ దస్తగిరీ నిలబడ్డ చోటికి పరుగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్ దస్తగిరీ, ఊపిరాడటం లేదు. ఆ చల్లగాలి పెట్టరా."

"ఏ చల్లగాలి, దివాన్ గారూ?" అన్నారు రాజావారు.

దస్తగిరి షెడ్డు జోలికి మళ్లీ ఎవరూ రాలేదు. ఆ కారెక్కడానికి మొహం చెల్లక, ఆ వేసవంతా దివాన్ గారు కోటకి నడిచే వచ్చారు.