మంచం మీద వాయుగుండం

కోనపాలెంలో తెలివంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని పైడమ్మ నమ్మకం. ఎవరేం చెప్పినా ఆ ఇంట్లో అక్షరం పొల్లుపోకుండా చేస్తారు. ఒకసారి పక్కింటి అప్పలనరసమ్మ, "వదినా, పొయ్యి మీద పాలున్నాయి, ఓ కన్నేసి ఉంచు" అని బజారుకెళ్లింది. అంతే. పైడమ్మ రెండో కన్ను అరచేత్తో మూసుకుని ఒంటికన్నుతో పాలవంకే చూస్తూ కూచుంది. పాలన్నీ పొంగి పొయ్యిలో పోయాయి.

"కన్నేయమన్నావు గాని దించమన్నావా?" అంది.

అలాంటి ఇంట్లో పంతొమ్మిదేళ్ల కూతురు రత్నం మంచం పట్టింది. ఆ మాట వినగానే తండ్రి గంగులు పరుగున వచ్చి రెండోవైపు తనూ పట్టుకున్నాడు.

ఇరవై రోజులయింది. పిల్ల గోడవైపు తిరిగి పడుకుంటుంది. తిండి లేదు, నిద్ర లేదు, మాట లేదు. పైడమ్మ గిన్నెలో అన్నం కలిపి తీసుకెళ్లడం, అదే గిన్నెతో తిరిగి రావడం.

చివరికి పట్నంలో మనసు జబ్బుల డాక్టరమ్మకి చూపించారు. ఆవిడ గంటసేపు పిల్ల దగ్గర కూచుంది. "దీనికి డిప్రెషన్ అని పేరు పెట్టాం. ఏ మందివ్వాలో తెలియడానికే ఆ పేరు. పిల్ల మాత్రం పిల్లే. మందులు వేళకి వేయండి. దగ్గర కూచోండి. చెప్పేది వినండి" అంది.

ఇన్ని మాటల్లో ఇంటికి చేరింది ఒక్కటే.

"డిప్రెషనా!" అని లేచాడు గంగులు అన్న పోలయ్య. ముప్పై ఏళ్లు రేవులో తుఫాను జెండాలెగరేసిన మనిషి. "డిప్రెషనంటే వాయుగుండంరా గంగులూ! రేవాఫీసులో అదే మాట. పేరు కూడా పెట్టారా?"

"డాక్టరమ్మే పెట్టింది బావగారూ," అంది పైడమ్మ.

"చచ్చాం! వాయుగుండానికి పేరుండదు. పేరు పెట్టారంటే తుఫానైపోయినట్టే!"

ఇంకేముంది. గంగులు ఇంటికప్పుని వలతాళ్లతో బిగించి నేలలో దిగేసిన మేకులకి కట్టాడు. పైడమ్మ కోళ్లని గంపలో వేసి, మూడు రోజులకి అటుకులు మూటగట్టింది. పోలయ్య గుమ్మానికి ఎర్రలుంగీ ఎగరేసి "మూడో నంబరు ప్రమాద హెచ్చరిక!" అని అరిచాడు. ఆకాశంలో మబ్బుతునక లేదు. అయినా లుంగీని చూసి పాలెమంతా పడవలు ఒడ్డుకి లాగేసింది.

"ఏ దిక్కునించి వస్తందే?" అని పరిగెత్తుకొచ్చింది అప్పలనరసమ్మ.

"మా రత్నంలోంచి," అంది పైడమ్మ.

"తుఫానుకి ఓ కన్నుంటుంది. అందులో ఆకు కూడా కదలదు," అన్నాడు పోలయ్య.

"కన్నెక్కడుంటుంది అన్నయ్యా?" అడిగాడు గంగులు.

"నడిమధ్యన."

నడిమధ్యన అంటే రత్నం మంచమే. అంతే, ముగ్గురూ మంచమెక్కారు. కోళ్లగంపా ఎక్కింది.

ఆ ఇరుకులోంచి, ఇరవై రోజుల తర్వాత, ఓ గొంతు.

"అమ్మా, నా కాలు మీద కూచున్నావు."

పైడమ్మ పక్కకి జరిగింది. "ఇంకా చెప్పు తల్లీ."

"లేవాలంటే ఒళ్లంతా తడి ఇసక మోస్తున్నట్టుంటుందమ్మా. నేనెవరికీ అక్కర్లేదనిపిస్తుంది."

పైడమ్మకి దిగిపోదామన్నా చోటు లేదు. "ఊ" అంది. పిల్ల ఇంకొంచెం చెప్పింది. "ఊ" అంది.

ఈలోగా కన్ను సంగతి పాలెంలో పొక్కింది. 'ఆ పిల్లకేదో అంటుకుందట' అని ఇరవై రోజులుగా గుమ్మం తొక్కనివాళ్లు తోసుకుంటూ వచ్చారు. "జరగండెహె!" అంటూ అప్పలనరసమ్మ ఎక్కింది, ఆవిడ మొగుడెక్కాడు, ఆయన మేక ఎక్కింది. ఫెళ్లుమని మంచం కోళ్లు నాలుగూ విరిగాయి. గంపలో కోళ్లు నాలుగూ ఎగిరాయి.

"తీరం దాటింది!" అని నేల మీంచే కేకేశాడు పోలయ్య.

మేక కింద ఎవరో నవ్వారు. రత్నం.

మర్నాడు పైడమ్మ డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. "తీరం దాటిందమ్మా! ప్రాణనష్టం లేదు. ఆస్తినష్టం ఒక మంచం."

డాక్టరమ్మ సంగతంతా వింది. "ఒక్క నవ్వుతో పోయేది కాదు పైడమ్మగారూ. మందులు మానకండి. కానీ మీరు ఊ కొట్టారు చూశారా, అది వదలకండి. మీకూ పిల్లకీ మధ్య అడ్డుగోడలేవీ ఉండకూడదు."

ఇంకేముంది. రత్నం తిరిగి పడుకునే గోడకి అవతల వంటిల్లు. రత్నాన్ని అరుగు మీద కూచోబెట్టి, పైడమ్మ గునపం పట్టింది, గంగులు పార పట్టాడు. సాయంత్రానికి గోడ లేదు. తుఫానుకని కట్టిన తాళ్లే కప్పుని నిలబెట్టాయి.

రత్నం వచ్చి చాప మీద పడుకుని, అలవాటుగా గోడవైపు తిరిగింది. అక్కడ అమ్మ ఉంది. జుట్టునిండా మట్టి, చేతిలో గునపం.

"అమ్మా, పాలు పొంగిపోతున్నాయి."

"పొంగనీ. డాక్టరమ్మ పాల సంగతేం చెప్పలేదు. నువ్వు చెప్పు తల్లీ. ఊ."