కాచని డప్పు

తాళ్లూరి సువార్తకు ముప్పై ఒక్క ఏళ్లు. రోజూ తెల్లారగట్ల నాలుగున్నరకు లేచి నల్ల బూట్లకు పాలిష్ పెడుతుంది. ఆ బూట్లు వేసుకుని వెళ్లడానికి ఆమెకు చోటు లేదు. పాలిష్ పెట్టి, మెరుపు చూసుకుని, మంచం కిందికి తోసేస్తుంది.

ఆరు నెలల కిందటి దాకా ఆమె కేంద్ర సాయుధ దళంలో కానిస్టేబులు. ఏడేళ్ల సర్వీసు. బ్యారక్‌లో పక్క మంచం పిల్ల చనిపోయాక సువార్తకు నిద్ర తప్పింది. తొమ్మిది రోజులు కన్ను మూతపడలేదు. పదో రోజు గేటు కాపలాలో నిలబడి, రైఫిలు మెల్లగా నేల మీద పెట్టి, "ఇవాళ ఇది నా చేతికి ఇవ్వకండి సార్" అంది. ఆస్పత్రిలో మూడు వారాలు ఉంచి ఇంటికి పంపేశారు. పంపేటప్పుడు ఇచ్చిన కాగితం అడుగున ఒక కోడ్ వేశారు. ఈమెను ఇక ఎన్నడూ తిరిగి చేర్చుకోరాదని దాని అర్థం. అదే యూనిట్‌లో తప్పతాగి గాల్లోకి తుపాకులు పేల్చిన ఇద్దరు మగవాళ్లకు ఒక ఇంక్రిమెంటు ఆపి, పోనీలే అన్నారు. పేల్చకుండా కింద పెట్టిన ఆడమనిషికి మాత్రం మతి లేదన్నారు.

ఆ కోడ్ మీద అప్పీలు చేసుకోవడానికి ఆరు నెలల గడువు. అందులో ఇంకా అయిదు రోజులే మిగిలాయి.

వాళ్ల పేటలో కమ్యూనిటీ హాలు ఉంది. మధ్యాహ్నాలు అక్కడ దీనమ్మ ఆడవాళ్లకు డప్పు నేర్పుతుంది. ఆ చుట్టుపక్కల డప్పు భుజాన వేసుకున్న మొదటి ఆడది ఆమే. అందుకు నలభై ఏళ్లుగా పడాల్సిన మాటలన్నీ పడింది, అనాల్సినవన్నీ అనేసింది. సువార్త అక్కడ చేరి రెండు నెలలయింది. దీనమ్మకు ఒక అలవాటు. ఏదైనా అడిగితే జవాబు చెప్పదు, పని చెబుతుంది.

"పెద్దమ్మా, నాకు ఏ జబ్బూ రాలేదని వాళ్లను ఎట్టా నమ్మించాలి?" అని సువార్త ఆ రోజు అడిగింది. చేతిలో ఆరు పేజీల అర్జీ ఉంది. చదివి వినిపించింది. తనకు మనసుకు సంబంధించిన ఏ బాధా ఎన్నడూ లేదనీ, ఆస్పత్రి రికార్డు తప్పనీ అందులో రాసుకుంది. వెనకాల పాస్టరు గారి సర్టిఫికెట్ కుట్టి ఉంది. ఈమె శాంత స్వభావం గలది, పెద్దల మాట జవదాటదు, వంట బాగా చేస్తుంది అని అందులో ఉంది.

దీనమ్మ పకపకా నవ్వింది. "పులుసు బాగా పెడతావని తుపాకీ ఇస్తారటే?"

సువార్తకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దీనమ్మ అదేమీ చూడనట్టు గోడ వైపు చెయ్యి చూపించింది. "ఎల్లుండి సంఘం సభలో మనం వాయించాలి. ఆ తొమ్మిది డప్పులూ చూడు. తోలు పోయినదాని మీద సుద్దతో ఇంటూ మార్కు పెట్టు."

మూడు రోజులుగా ముసురు. గోడలు కూడా చెమ్మగిల్లి ఉన్నాయి. సువార్త వరసగా ఒక్కో డప్పూ దించి, పుల్లతో కొట్టి, చెవి ఆనించి చూసింది. పని చెబితే చేసెయ్యడం ఏడేళ్ల అలవాటు. ఆరో డప్పు తడి గోనెసంచిని కొట్టినట్టు పలికింది. మళ్ళీ కొట్టింది. అంతే. ఇంటూ మార్కు పెట్టి, "ఇది అయిపోయింది పెద్దమ్మా, ఇక మోగదు" అంది.

దీనమ్మ ఆ డప్పు తీసుకుని వరండాలోకి వెళ్లింది. అటక మీద పొడిగా దాచిన వరిగడ్డి రెండు చేతులనిండా తెచ్చి అంటించింది. మంట మీద డప్పును ఎడంగా పట్టుకుని, తిప్పుతూ, మధ్యమధ్య అరచెయ్యి పెట్టి చూసింది, పసిపిల్లకు జ్వరం చూసినట్టు. తర్వాత లేచి ఒక్క దెబ్బ కొట్టింది. రోడ్డవతల టీ కొట్టు దగ్గర మనుషులు తలలు తిప్పారు.

లోపల డప్పులు తుడుస్తున్న ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. "పేటలో పుట్టిన పిల్లవి, కాచకుండానే తీర్పు చెప్పావేందే!" అంది ఒకామె.

సువార్త మొహం కందిపోయింది. ఆమెకు తెలియని సంగతి కాదు. చిన్నప్పుడు వాళ్ల నాయన డప్పుకు గడ్డి మంట వేసింది ఆమే. గబగబా పైటకొంగుతో మార్కు తుడవబోయింది. దీనమ్మ మణికట్టు పట్టుకుంది.

"తుడవబాకు. నువ్వు కొట్టినప్పుడు అది మోగిందా?"

"లేదు."

"మరి నీ మార్కు అబద్ధమా?"

"కాదు. అప్పుడు మోగలేదు. కానీ నేను ఎప్పటికీ మోగదన్నాను..."

అక్కడితో ఆగిపోయింది. పక్కన పెట్టిన అర్జీ వైపు చూసింది. దీనమ్మ చల్లారిన బూడిద చీపురుతో ఊడ్చుకుంటూ కూర్చుంది.

మర్నాడు సువార్త జిల్లా ఆస్పత్రికి వెళ్లి మానసిక వైద్యురాలితో పరీక్ష చేయించుకుంది. ఆరు పేజీలూ చించేసి ఒక్క పేజీ రాసింది. "ఆ రోజు నాకు జబ్బుగా ఉంది" అన్న మొదటి వాక్యం దగ్గర పెన్ను ఎంతసేపటికీ కదల్లేదు. కదిలాక మిగతాది అరగంటలో అయిపోయింది. జబ్బుగా ఉందని ముందు చెప్పింది డాక్టరు కాదు, నేను. తుపాకీ కింద పెట్టింది కూడా నేనే. చికిత్స తీసుకున్నాను. ఈ తేదీన ఈ డాక్టరు నన్ను చూసి బాగున్నానని రాశారు. మీరు వేసిన కోడ్ ఒక్కరోజు చూసి బతుకంతటికీ వేసింది. నన్ను మళ్ళీ పరీక్షించండి. అంతే రాసింది. పాస్టరు గారి సర్టిఫికెట్ జత చెయ్యలేదు. సంతకం పెట్టాక, ఎన్నో నెలలుగా భుజాలు బిగపట్టుకుని నడుస్తున్నానని ఆమెకు అప్పుడే తెలిసింది.

నాలుగు నెలలకు దళం మెడికల్ బోర్డు పిలిచింది. రెండు రోజులు పరీక్షించింది. వైద్య పరీక్షలో నెగ్గితే చేర్చుకోవచ్చు అనే కోడ్‌తో కొత్త కాగితం ఇచ్చింది. సువార్త ఆ కాగితం పట్టుకుని బస్టాండు నుంచి నేరుగా హాలుకు వచ్చింది. ఆడవాళ్లు తొమ్మిది డప్పులూ దించారు. ఆరో దాని మీద ఇంటూ మార్కు ఇంకా మసక మసకగా ఉంది. దానికే గట్టి దెబ్బలు పడ్డాయి.

గోల సద్దుమణిగాక సువార్త అడిగింది. "మళ్ళీ అట్టా అయితే, పెద్దమ్మా?"

"ముసురు మళ్ళీ పట్టదని నేనెప్పుడన్నాను?" అంది దీనమ్మ. "గడ్డి ఎక్కడుందో చూశావుగా."

సువార్త మార్చిలో తిరిగి చేరింది. మూడో ఏడు నిద్ర మళ్ళీ తప్పితే, సెలవు కాగితం మీద అసలు కారణమే తన చేత్తో రాసి, పదిహేను రోజులు ఆస్పత్రిలో ఉండి, పదహారో రోజు డ్యూటీకి వెళ్లింది.