నీలవ్వ గెలిచిన రాయి

సరిహద్దు బాటకు కాపలాగా ఉన్న కోట గుమ్మం పక్కన నీలవ్వ అటుకులు దంచి అమ్ముకునేది. కొత్తగా వచ్చిన కోటదొర ఆమె పాక పీకించి, అక్కడ కోట చరిత్ర చెక్కిన రాయి నిలబెట్టాలనుకున్నాడు.

“దసరాకి రాజుగారొచ్చి చదవాలి. రాతి మీద నా పేరు లేకపోతే నన్నెవరు గుర్తుపెట్టుకుంటారు? పాక ఖాళీ చెయ్యి, అవ్వా.”

“ఏం చెక్కిస్తున్నారు దొరా?”

“నూరేళ్లుగా శత్రువన్నవాడు ఈ బాట తొక్కలేదని.”

“మరి ఇక్కడ ఐదువందల మంది సిపాయిలెందుకని రాజుగారు అడిగితే?”

దొర మీసం మీది చెయ్యి దించాడు. “అయితే ఏటేటా వస్తున్నాడని చెక్కిస్తాను.”

“అప్పుడు, పట్టుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించమంటారు గదా.”

దొర ఆలోచించి ఆలోచించి, శిల్పిని ఇంటికి పంపేశాడు. పాక నిలిచింది. అప్పటికే తెచ్చి పడేసిన, ఏమీ చెక్కని ఆ నున్నటి రాయి మీద నీలవ్వ వడియాలు పెట్టుకుంది.

దసరా భోజనంలో రాజుగారు ఆ వడియాలు మూడుసార్లు అడిగి వేయించుకున్నారు. అప్పటినుంచీ అందరి నోటా ఆ కోట నీలవ్వ కోట. దొర పేరేమిటో ఎవరికీ గుర్తులేదు.