జోడు కుదరని బ్యాటరీలు

పిల్లలూ, ఈ కథలో ముందుది వెనకా, వెనకది ముందూ చెబితే మీరే సర్దుకుని చదవండి. ఈమధ్య నాకు వరస తప్పుతోంది.

నరసరావుపేట దగ్గర ఒక పాలిటెక్నిక్‌లో ఇందుమతి అనే తెలివైన అమ్మాయి చదువుతుండేది, కానీ ఎవరేం చెప్పబోయినా "నాకు తెలుసులే!" అని మాట మధ్యలోనే తుంచేసేది. ఆమె చెల్లెలు ఝాన్సీ కూడా అక్కడే చదివేది. వాళ్ల నాన్న వీరయ్య పందెపు గిత్తలను మేపేవాడు.

ఆ ఏడు కాలేజీలో కొత్త పోటీ పెట్టారు. ఎడ్లు బండ లాగినట్టే, విద్యార్థులు చేసిన రోబోలు చిన్న బండరాయిని లాగాలి. ఇచ్చిన సమయంలో ఎక్కువ దూరం లాగిన మొదటి రెండు జట్లు విజయవాడలో జరిగే రాష్ట్ర పోటీకి వెళతాయి. ఇక అక్కాచెల్లెళ్లకు అన్నం సయిస్తేనా! నాలుగు చక్రాల రోబోను తయారుచేసి, దానికి బుల్లిగిత్త అని పేరు పెట్టారు.

దాని మోటారుకు ఇరవైనాలుగు వోల్టులు కావాలి. అంటే పన్నెండు వోల్టుల బ్యాటరీలు రెండింటిని వరసగా కలపాలి. కాలేజీవాళ్లు కొత్తది ఒకటి ఇచ్చారు. రెండోదాన్ని ఇందుమతి బాబాయి స్కూటరు నుంచి విప్పి తెచ్చింది.

"అక్కా, ఆ బ్యాటరీ..." అంది ఝాన్సీ.

"నాకు తెలుసులే! మీటరు పెట్టి చూశాను. రెండూ పన్నెండు చూపిస్తున్నాయి."

"అది కాదే, బాబాయి రోజూ పొద్దున..."

"అబ్బ, నస పెట్టకే! ఆ ఎర్ర వైరు ఇలా ఇవ్వు."

ఝాన్సీ మూతి ముడుచుకుని వైరు అందించింది. ఇందుమతి స్క్రూలు బిగించి స్విచ్చి నొక్కగానే బుల్లిగిత్త వాకిట్లో రివ్వున తిరిగింది. "చూశావా!" అంటూ ఆమె గంతులేసింది. బండ కట్టి మాత్రం చూడలేదు.

పోటీరోజు మైదానం కిక్కిరిసిపోయింది. వీరయ్య తలపాగా చుట్టుకుని, నిజం గిత్తల పందేనికి వచ్చినట్టే ముందు వరసలో కూర్చున్నాడు. వీళ్ల వంతు వచ్చింది. ఈల మోగింది. బుల్లిగిత్త బండను ఈడ్చుకుంటూ దూసుకుపోయింది!

"హోయ్! లాగవే లాగు!" అని జనం కేకలు పెట్టారు. అప్పటిదాకా ఏ రోబో అంత వేగంగా లాగలేదు. ఇందుమతి గొంతు చించుకుని అరిచింది.

ఉన్నట్టుండి బుల్లిగిత్త మూలిగింది, నెమ్మదించింది, ఆగిపోయింది. స్కూటరు బ్యాటరీ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. సమయం పరుగెడుతోంది. ఇందుమతికి ఏడుపొచ్చింది.

"ఝాన్సీ, నువ్వు చెప్పవే! ఏం చెయ్యను?"

"ఇప్పుడా అడగడం, మహాతల్లీ! బాబాయి స్కూటరు రోజూ పొద్దున బటను నొక్కితే స్టార్టు కాక, ఎన్ని కిక్కులు కొడితే కదులుతుందో చూడలేదూ? ఆ బ్యాటరీ ఊరికే ఉంటే పన్నెండు చూపిస్తుంది, బరువు పడితే చతికిలబడుతుంది. దాన్ని విప్పెయ్. కొత్తది ఒక్కటే కట్టు. మెల్లగానైనా లాగుతుంది."

ఇందుమతి ఆ మాటలన్నీ విన్నది. గబగబా పాతది విప్పి, కొత్తదాన్ని ఒక్కదాన్నే మోటారుకు కలిపింది. బుల్లిగిత్త కదిలింది! తాబేలులా పాకింది. "పదవే నా తల్లీ, పదా!" అని ఇద్దరూ దాని పక్కనే వంగి నడిచారు. ఈల మోగింది. టేపు పెట్టి కొలిచారు.

మూడో స్థానం. విజయవాడ జానెడు దూరంలో తప్పిపోయింది.

"ఏమ్మాయ్," అన్నాడు వీరయ్య, "మన ఇంట్లో పుట్టినదానివి, నీరసపు ఎద్దును కోడెతో జోడు కట్టకూడదని నీకు తెలీదూ?"

"తెలుసు నాన్నా. అన్నీ నాకే తెలుసనుకుని ఝాన్సీని నోరెత్తనివ్వలేదు."

ఇంటిదారిలో ఇందుమతి చెల్లెలి చెయ్యి పట్టుకుని, "వచ్చే ఏడుకి ఏమేం మార్చాలో చెప్పవే" అంది. ఝాన్సీ మొదలుపెట్టింది. ఇల్లు చేరేదాకా ఇందుమతి ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

అమ్మాయ్ సుభద్రా, నీ మేనత్త మాట కాదనకుండా ఈ పేర్లు సరిగ్గా రాశానో లేదో ఒకసారి చూసి పెట్టు. నీతి మాత్రం నేను మరిచిపోలేదు: మనకెంత తెలిసినా ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినాలి, మనం మధ్యలో తుంచేసిన మాటలోనే మనకు కావలసింది ఉండవచ్చు.