శాస్త్రిగారికి తగిన పుస్తకం

ఒకానొక రాజ్యంలో రాజుగారి తాళపత్ర గ్రంథాలను పైడమ్మ చూసుకునేది. అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న కుమ్మరికి పొట్టి కథలు, యుద్ధం చూసి వచ్చిన భటుడికి నవ్వుల కథలు, ఇలా ఎవరికి తగినవి వాళ్ళకు ఇచ్చేది.

ఆస్థాన పండితుడు విరూపాక్షశాస్త్రి కంటికి మాత్రం ఏదీ ఆనేది కాదు. కట్టయినా విప్పకుండా "చదివేశాను" అని తిప్పి పంపేవాడు. చివరికి రాజుగారికే ఫిర్యాదు చేశాడు.

రాజు పైడమ్మను పిలిచి, "రేపు సభలో శాస్త్రిగారు చదవని పుస్తకం ఇవ్వు. లేదంటే కొలువు వదులుకో" అన్నాడు.

మర్నాడు పైడమ్మ పట్టుబట్టలో చుట్టిన కట్ట తెచ్చింది. శాస్త్రి దాన్ని పైపైన తడిమి పెదవి విరిచాడు.

"ఇదా! చిన్నప్పుడే చదివాను ప్రభూ. మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా నాకు కంఠస్థం."

పైడమ్మ బట్ట విప్పి, ఆకులు ఒక్కొక్కటే రాజుకు చూపించింది. ఏ ఆకుమీదా అక్షరం లేదు. అవి ఇంకా ఎవరూ గంటం పెట్టని కొత్త ఆకులు.

రాజు శాస్త్రి వంక చూశాడు. శాస్త్రి నేల వంక చూశాడు.

పైడమ్మ కట్టను మళ్ళీ శుభ్రంగా చుట్టి ఆయన చేతిలో పెట్టింది.

"మీరే ఉంచుకోండి శాస్త్రిగారూ. ఇందులో మీకు తెలియనిది ఒక్క ముక్క కూడా లేదు."